కొత్త టాటూ: ఏ రోజు సలహా ఆ రోజుకే

టాటూ వేయించుకుని ఇంటికి వచ్చినవాళ్లకు సలహాలకు కొదవ ఉండదు. వేసినతను తడి తగలనివ్వొద్దని చెప్పి పంపిస్తాడు. స్నేహితుడు రోజుకు మూడుసార్లు సబ్బుతో కడగమంటాడు. ఇంట్లో నాయనమ్మ పసుపులో కొబ్బరినూనె కలిపి పట్టించమంటుంది. మందుల దుకాణంలో అడిగితే ఏదో ఒక ట్యూబు చేతిలో పెడతారు. ఫోనులో వెతికితే ఒక వీడియోలో ప్లాస్టిక్ పొరను ఐదు రోజులు తీయొద్దని, ఇంకో వీడియోలో రెండు గంటలకే తీసేయాలని చెబుతారు. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో శనివారం సాయంత్రం చేతిమీద బొమ్మ వేయించుకున్న కుర్రవాడు ఆదివారం ఉదయానికి వీటిలో దేన్ని నమ్మాలో తెలియక అన్నీ తలా కొంచెం చేసేస్తాడు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఈ సలహాల్లో కొన్ని నిజంగానే తప్పు. చాలావాటిలో మాత్రం మాట తప్పు కాదు, రోజు తప్పు. మొదటి రోజుకు సరిపోయే జాగ్రత్త పదో రోజుకు అక్కరలేదు. రెండో వారం చివర్లో మేలు చేసే నూనె రెండో రోజున కీడు చేస్తుంది. కాబట్టి ఏం రాయాలని అడిగేముందు చర్మం ఇప్పుడు ఏ దశలో ఉందని అడగాలి. అది తెలియాలంటే సిరా చర్మంలో ఎక్కడ నిలుస్తుందో తెలియాలి.

సూది దిగే చోటు

చర్మానికి ముఖ్యంగా రెండు పొరలు. పైపొర చాలా పలుచన, ఒంటిమీద ఎక్కువ చోట్ల మిల్లీమీటరులో పదో వంతు ఉంటుందంతే. అది అడుగున కొత్తగా పుడుతూ, పైన రాలిపోతూ సుమారు నెల రోజుల్లో మొత్తం మారిపోతుంది. సిరా అక్కడే ఆగితే నెల తిరిగేసరికి బొమ్మ ఉండదు. అందుకే టాటూ యంత్రం సూదిని లోపొరలోకి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు దించుతుంది. సన్నని రక్తనాళాలు, నరాల కొసలు, చెమట గ్రంథులు ఉండేది ఆ లోపొరలోనే. యంత్రం నిమిషానికి వందల నుంచి వేల సార్లు గుచ్చుతుంది. అరచేయంత బొమ్మ అంటే ఒకదాని పక్కన ఒకటి లెక్కలేనన్ని సూదిపోట్లు. బండిమీద నుంచి పడి మోచేయి గీరుకుపోతే గాయం వెడల్పుగా ఉన్నా పైపైనే ఉంటుంది. టాటూ గాయం వెడల్పుగానూ ఉంటుంది, లోతుగానూ ఉంటుంది.

సిరా రేణువులు లోపలికి వెళ్లగానే వాటిని పరాయి వస్తువుగా గుర్తించి, మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు మింగేస్తాయి. అరిగించుకోలేవు, బయటికి తీసుకుపోనూ లేవు. కొన్ని రేణువులు చంక, గజ్జ వంటి చోట్ల ఉండే శోషరస (లింఫ్) గ్రంథుల దాకా ప్రయాణిస్తాయి, మిగతావి అక్కడే ఆ కణాల కడుపులో ఉండిపోతాయి. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2018లో ఎలుకలమీద చేసిన పరిశోధనలో ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. సిరాను మోస్తున్న కణం చనిపోతే అది వదిలిన సిరాను పక్కనే కొత్తగా వచ్చిన కణం మళ్లీ పట్టుకుంటుంది. బొమ్మ చెక్కుచెదరకుండా కనిపిస్తున్నా, దాన్ని పట్టుకున్న కణాలు మారుతూనే ఉంటాయి. మనం టాటూ శాశ్వతం అనుకునేది ఈ చేతులు మారడం వల్లనే.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతాయి. ఒకటి, గాయం మానడానికి రెండు గడువులు ఉన్నాయి. పైపొర మూసుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. లోపొర పూర్తిగా సర్దుకోవడానికి రెండు మూడు నెలలు, పెద్ద బొమ్మలకు ఇంకా ఎక్కువే. పైకి నున్నగా కనిపించగానే మానిపోయిందనుకోవడం తొందరపాటు. రెండోది, మనం పైన రాసే క్రీము సిరాను కాపాడదు. సిరాను పట్టి ఉంచేది లోపలి కణాలు. మన చేతిలో ఉన్నది రెండే: క్రిములను లోపలికి పోనివ్వకపోవడం, మందమైన పక్కు కట్టకుండా చూడడం. మందంగా కట్టిన పక్కును గోటితో లాగితే దానితోపాటు సిరా కూడా ఊడి, బొమ్మలో తెల్లని మచ్చలు పడతాయి.

మొదటి మూడు రోజులు

అన్నింటికంటే ముఖ్యమైనవి ఈ మూడు రోజులే. చర్మం ఎర్రబడి, ఉబ్బి, ఎండకు కాలినట్టు మండుతుంది. రక్తపు చారలు, పలుచని పసుపు నీరు, మిగులు సిరా కలిసి కారుతాయి. పక్క దుప్పటిమీద బొమ్మ అచ్చు పడితే సిరా అంతా పోయిందని భయపడనక్కర లేదు. అది లోపొరలో నిలవని మిగులు సిరా. ఆ పసుపు నీరు రక్తంలోని ద్రవ భాగం, గాయాన్ని మాన్పే సరుకంతా అందులోనే ఉంటుంది. అయితే దాన్ని అలాగే ఎండనిస్తే జిగురుగా గట్టిపడి, మందమైన పక్కుగా మారుతుంది. కడగమని చెప్పేది అందుకే.

కడగడం ఎలాగో కొంచెం వివరంగానే చెప్పాలి, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ముందు చేతులు సబ్బుతో, గోళ్ల సందుల్లోకి వెళ్లేలా కడుక్కోవాలి. గోరువెచ్చని నీటిని మగ్గుతో మెల్లగా ధారగా పోయాలి, కుళాయి కింద జోరుగా పెట్టకూడదు. వాసన లేని, గాఢత తక్కువగా ఉన్న సబ్బును అరచేతుల్లో నురగ చేసుకుని ఆ నురగను మునివేళ్లతో టాటూమీద గుండ్రంగా రాయాలి. సబ్బు బిళ్లను నేరుగా రుద్దకూడదు. పీచు, ఒళ్లు రుద్దే రాయి, సున్నిపిండి ఆ ఛాయలకే రాకూడదు. మొదట వేళ్లకు జారుడుగా, జిగురుగా తగులుతుంది. ఆ జిగురు పోయి చర్మం మామూలుగా తగిలేదాకా కడిగితే చాలు. తర్వాత శుభ్రమైన టిష్యూతోనో, ఉతికి ఎండలో ఆరేసిన మెత్తని నూలు గుడ్డతోనో అద్దాలి, తుడవకూడదు. ఇంటిల్లిపాదీ వాడే తువ్వాలు మాత్రం వద్దు. పది పదిహేను నిమిషాలు గాలికి ఆరనివ్వాలి. అప్పుడు శనగగింజంత క్రీము తీసుకుని అరచేయంత బొమ్మకు సరిపెట్టాలి. రాసిన తర్వాత చర్మం మిలమిలా మెరుస్తుంటే ఎక్కువైందని అర్థం, టిష్యూతో అద్ది తీసేయాలి. ఇలా రోజుకు రెండుసార్లు, బయట దుమ్ములో తిరిగి వస్తే మరోసారి.

మరి తడి తగలకూడదని చెప్పినవాళ్ల మాట? వాళ్లు చెప్పాలనుకున్నది నానబెట్టవద్దని. పారే నీటితో రెండు నిమిషాలు కడగడం వేరు, నీటిలో మునిగి కూర్చోవడం వేరు. మొదటిది రోజూ చేయాలి, రెండోది పైపొర మూసుకునేదాకా కూడదు.

మన జిల్లాల్లో మరో సందేహం కూడా సహజం. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉంది కదా, దానితో కడిగితే గాయానికి చేటా అని. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్లు ఫ్లోరైడ్ వల్ల పడ్డ బాధ తెలిసినవాళ్లకు ఈ భయం రావడం న్యాయమే. అయితే ఫ్లోరైడ్ ముప్పు ఏళ్ల తరబడి తాగడం వల్ల ఎముకలకు, పళ్లకు వచ్చేది. రెండు నిమిషాలు కడిగినందుకు అలా జరగదు. బోరు నీటితో అసలు ఇబ్బంది వేరే ఉంది. గట్టి నీటిలో సబ్బు సరిగా నురగ రాదు, రాలేదని ఎక్కువ రుద్దుతాం, సబ్బు తెట్టు చర్మంమీద మిగిలిపోయి దురద పెడుతుంది. పైగా మూత లేని తొట్టిలో, నాచు పట్టిన ట్యాంకులో నిలవ ఉన్న నీరు శుభ్రమైనది కాదు. అలాంటి ఇంట్లో మొదటి వారం నీటిని కాచి చల్లార్చి వాడుకోవడం మంచిది. అదేమీ పెద్ద పని కాదు, ఒక గిన్నెడు నీళ్లు చాలు.

ప్లాస్టిక్ పొర సంగతి. వంటింట్లో వాడే పలుచని ప్లాస్టిక్ చుట్టి పంపితే అది ఇంటికి చేరేదాకా దుమ్ము పడకుండా ఉండడానికే. రెండు మూడు గంటల్లో తీసేసి కడగాలి. దాని గుండా గాలి ఆడదు, కింద చెమట, రక్తం, సిరా కలిసి వెచ్చగా నిలవ ఉంటాయి, క్రిములు పెరగడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. రెండో రకం, వైద్యంలో గాయాలకు వాడే అంటుకునే పొర. దాని గుండా ఆవిరి బయటికి పోతుంది, నీరు లోపలికి రాదు. అది మూడు నుంచి ఐదు రోజులు ఉంచదగినదే. రెండు వీడియోలూ నిజమే చెప్పాయి, రెండు వేర్వేరు వస్తువుల గురించి చెప్పాయి. అయితే ఈ రెండో రకం పొర చల్లని దేశాల్లో నిలిచినంత బాగా మన ఎండాకాలంలో నిలవదు. చెమటకు అంచు లేచి, కింద చేరిన నీరు బయటికి కారిందంటే దాని పని అయిపోయినట్టే. మళ్లీ అదిమి అంటించకూడదు. గోరువెచ్చని నీటి కింద పెట్టి, పైకి ఎత్తకుండా చర్మానికి సమాంతరంగా సాగదీస్తూ తీసేయాలి. పొర అంచు చుట్టూ ఎర్రగా చిన్న పొక్కులు వస్తే ఆ జిగురు మీ ఒంటికి పడలేదని అర్థం.

రాత్రి నిద్రలో దుప్పటో చొక్కానో టాటూకు అంటుకుపోతే లాగవద్దు. అంటుకున్న గుడ్డతో సహా నీళ్లతో తడిపి, అది తానుగా వదిలేదాకా ఓపిక పట్టాలి.

పసుపు, నూనె, ట్యూబులు

దక్షిణ తెలంగాణ పల్లెల్లో పచ్చబొట్టు కొత్తగా వచ్చింది కాదు. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి పొడిచేవారు. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో పెద్దవయసు లంబాడీ స్త్రీల చేతులమీద ఆ చుక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. దీపపు మసిలో ఆకు పసరు కలిపి సూదులతో పొడిచి, పైన పసుపు అద్దేవారు. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు కదా అని ఇప్పుడూ పసుపు పట్టించేవాళ్లున్నారు. పెద్దవాళ్ల మాటమీద నాకు గౌరవం ఉంది. కానీ నుదుటిమీద చుక్కకు, మోచేతి నుంచి మణికట్టు దాకా నీడలు నింపిన బొమ్మకు గాయంలో పోలికే లేదు. అప్పట్లో ఎవరికి చీము పట్టిందో, ఎవరికి జ్వరం వచ్చిందో రాసిపెట్టినవాళ్లూ లేరు.

పసుపులో క్రిములను అణచే గుణం ఉందన్నది ప్రయోగశాలల్లో కనిపించిన మాటే. అయితే వంటింటి డబ్బాలోని పసుపు, కొమ్ము ఆరబెట్టిన నేల నుంచి గిర్ని దాకా దుమ్ము, ధూళి తాకి వచ్చినది. రోజూ చెంచాలు, చేతులు పడుతున్నది. మసాలా పొడుల్లో బాక్టీరియా బీజాలు ఉండడం మామూలే, కూరలో ఉడుకుతుంది కాబట్టి మనకు తెలియదు. రంగు కోసం కల్తీ చేసినదైతే ఇక చెప్పనక్కర లేదు. వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచే కారణం మరొకటి ఉంది. పసుపు రాసిన చర్మంమీద ఎరుపు కనిపించదు. గాయం చెడుతోందని చెప్పే మొదటి గుర్తు ఎరుపు పాకడమే. దాన్ని మన చేతులతో మనమే కప్పేసుకున్నట్టవుతుంది.

కొబ్బరినూనె చెడ్డది కాదు, దాని రోజు వేరు. పొలుసులు రాలిపోయి, కారడం పూర్తిగా ఆగి, చర్మం పొడిబారి బిగుతుగా అనిపించే రెండో వారం చివర్లో పలుచగా రాసుకుంటే హాయిగా ఉంటుంది. మొదటి రోజుల్లో తెరిచి ఉన్న గాయానికి విడి నూనె, తలకు రాసుకునే సువాసన నూనె రాయడం తగదు.

పెట్రోలియం జెల్లీ విషయంలో నిపుణులే రెండు రకాలుగా మాట్లాడతారు. మామూలు గాయాలకు అది మంచిదని చర్మవైద్యులు చెబుతారు, గాయాన్ని తడిగా ఉంచుతుంది కాబట్టి. టాటూ దగ్గరకు వచ్చేసరికి అమెరికా చర్మవైద్యుల అకాడమీ నీటి ఆధారంగా చేసిన మాయిశ్చరైజర్ వాడమని, పెట్రోలియం జెల్లీ వద్దని, దానివల్ల సిరా వెలిసే అవకాశం ఉందని చెబుతుంది. సిరా మాట అలా ఉంచినా, మన వాతావరణానికి ఆ సలహాయే నప్పుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో జెల్లీ దట్టంగా పట్టిస్తే కింద చెమట ఊరి, చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. వాటిని చూసి చీము పట్టిందని భయపడి ఇంకా ఎక్కువ మందు రాస్తారు. తగ్గించాల్సిన చోట పెంచడం ఇదే. క్రీము మానేసి ఒకటి రెండు రోజులు గాలికి వదిలితే ఆ చెమట పొక్కులు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. పిల్లల లోషన్ కదా, మెత్తగా ఉంటుందని కొనేవాళ్లు కూడా ఒకసారి వాసన చూడాలి. చాలావాటిలో సువాసన కలిపి ఉంటుంది.

ట్యూబుల్లో రెండింటి గురించి గట్టిగానే చెప్పాలి. నియోమైసిన్ ఉన్న యాంటీబయాటిక్ పూతలు కొందరి చర్మానికి పడకపోవడం బాగా తెలిసిన విషయమే. చీము లేని గాయానికి యాంటీబయాటిక్ అవసరమే లేదు. దానికంటే ప్రమాదం స్టెరాయిడ్ కలిసిన క్రీములతో. తామరకు, మొటిమలకు, ముఖం తెల్లబడడానికి, దురదకు అన్నిటికీ ఒకే ట్యూబు వాడే అలవాటు మన ఊళ్లలో పాతుకుపోయింది. స్టెరాయిడ్ రాయగానే ఎరుపు, దురద మాయమవుతాయి, అందుకే అది అంత బాగా పనిచేసినట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఆ చోట ఒంటి రక్షణ శక్తిని అణచివేస్తుంది. లోపల క్రిములు పెరుగుతున్నా పైకి తెలియదు, గాయం మానడం మందగిస్తుంది, ఎక్కువ రోజులు వాడితే చర్మం పలుచబడుతుంది. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇలాంటి స్టెరాయిడ్ పూతలను వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని నియమం తెచ్చింది. ట్యూబుమీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి పేర్లు కనిపిస్తే పక్కన పెట్టేయండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా అంతే. క్రిములతోపాటు కొత్తగా పుడుతున్న చర్మకణాలనూ చంపేస్తాయి.

దురద పెట్టే రోజులు

నాలుగో రోజు నుంచి వాపు, మంట తగ్గి చర్మం బిగుసుకుంటుంది. ఆ తర్వాత పొలుసులు లేస్తాయి, రంగు పొలుసులుగా రాలిపోతుంటే చూడడానికి భయంగా ఉంటుంది. రాలేది పైపొర మాత్రమే, అందులో చిక్కుకున్న సిరాతో సహా. దురద ఈ రోజుల్లోనే విపరీతంగా ఉంటుంది. గోకకూడదు, పొలుసు లాగకూడదు. శుభ్రమైన అరచేత్తో మెల్లగా తట్టడం, చల్లని తడి గుడ్డ కాసేపు వేయడం, పలుచగా క్రీము రాయడం, ఇంతే. నిద్రలో గోక్కునే అలవాటుంటే గోళ్లు కత్తిరించుకుని, వదులు నూలు చొక్కా వేసుకుని పడుకోవాలి.

పొలుసులు పోయాక బొమ్మ మసకగా, పాలు కలిపినట్టు కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన పైపొర ఇంకా పూర్తిగా పరిపక్వం కాలేదు కాబట్టి దాని వెనకనున్న రంగు మసకబారి కనిపిస్తుంది. నెల రోజులు దాటాక తేటపడుతుంది. ఈలోగా రంగు పోయిందని మళ్లీ దిద్దించుకోవడానికి పరుగెత్తితే మానని చర్మాన్ని మళ్లీ పొడిపించుకున్నట్టవుతుంది. అవసరమైతే రెండు మూడు నెలలు ఆగి దిద్దించుకోవచ్చు.

పథ్యం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పప్పు తింటే చీము పడుతుందని, మాంసం, గుడ్డు, చేప తగలనివ్వకూడదని ఇంట్లో పెద్దలు కట్టడి చేస్తారు. గాయం పూడ్చుకోవడానికి ఒంటికి కావలసింది మాంసకృత్తులే. అవి పప్పులో, గుడ్డులో, మాంసంలోనే ఉన్నాయి. చీము క్రిములవల్ల పడుతుంది, కందిపప్పువల్ల కాదు. కాబట్టి కారం మెతుకులతో సరిపెట్టుకోకుండా హాయిగా పప్పన్నం తినండి. వంకాయతో ఒళ్లు దురద పెట్టే తత్వం కొద్దిమందికి ఉంటుంది. అలాంటివాళ్లు మానేస్తే చాలు, ఊరందరూ మానక్కర లేదు. నిజంగా పట్టించుకోవలసినది చక్కెర వ్యాధి. అదుపులో లేకపోతే గాయం మానదు, చీము త్వరగా పడుతుంది. అలాంటివాళ్లు ముందు చక్కెర అదుపులోకి తెచ్చుకుని, ఆ తర్వాతే టాటూ గురించి ఆలోచించాలి.

బావి, పొలం, ఎండ

వేసవి సెలవుల్లో కుర్రవాళ్లు టాటూ వేయించుకుంటారు. వేసవి సెలవుల్లోనే బావుల్లో ఈతలు కొడతారు. ఈ రెండూ కలవకూడదు. వ్యవసాయ బావి, చెరువు, కాలువ, వాడపల్లి దగ్గరో బీచుపల్లి దగ్గరో కృష్ణలో మునక, ఏదైనా సరే కనీసం మూడు వారాలు ఆగాలి. అమెరికాలో ఒక వ్యక్తి టాటూ వేయించుకున్న ఐదు రోజులకు సముద్రంలో ఈదాడు. నీటిలోని బాక్టీరియా గాయం ద్వారా ఒంట్లోకి పాకి చివరికి ప్రాణం తీసింది. 2017లో వైద్య పత్రికలో ఆ సంగతి ప్రచురించారు. అతనికి ముందే కాలేయ జబ్బు ఉంది, అది ఉప్పునీటి బాక్టీరియా. మన చెరువులో సరిగ్గా అదే ఉంటుందని కాదు. తెరిచిన గాయంతో నిలవ నీటిలో దిగితే ఏం జరగగలదో చెప్పడానికే ఈ ఉదాహరణ.

పొలం పని చేసేవాళ్లకు జాగ్రత్త ఇంకా కష్టం. నాట్లు వేసే మడిలో మోకాళ్ల దాకా బురద, గేదెల దగ్గర పేడ, పత్తికి మందు కొట్టేటప్పుడు తుంపర. కాలిమీదో ముంజేతిమీదో వేయించుకున్నవాళ్లు రెండు వారాలు ఈ పనులకు దూరంగా ఉండగలరా అని ముందే చూసుకోవాలి. ఉండలేకపోతే పని తెరిపి ఇచ్చిన నెలలో వేయించుకోవడం తెలివైన పని. హోలీకి, బతుకమ్మకు, ఇంట్లో పెళ్లికి వారం ముందు కూడా అదే మాట. రంగులు, నలుగు, పసుపు, జనంలో రాపిడి అన్నీ ఒకేసారి వస్తాయి.

ఎండ రెండు రకాలుగా చేటు. మానని చర్మాన్ని కాల్చి నల్లని మరకలు మిగులుస్తుంది, మానిన తర్వాత కూడా సిరాను విరగగొట్టి వెలిసేలా చేస్తుంది. పైపొర మూసుకోకముందు సన్‌స్క్రీన్ రాయకూడదు, వదులు నూలు గుడ్డతో కప్పాలి. బండి నడిపేవాళ్ల ముంజేతికి ఎంత ఎండ తగులుతుందో గడియారం పట్టీ కింద చర్మం చూస్తే తెలుస్తుంది. పూర్తిగా మానాక ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ అలవాటు చేసుకోవాలి.

ఆసుపత్రికి వెళ్లవలసిన గుర్తులు

మూడు రోజుల తర్వాత ఎరుపు, నొప్పి, వాపు తగ్గుముఖం పట్టాలి. తగ్గకపోగా పెరుగుతుంటే, ఎరుపు బొమ్మ హద్దు దాటి పాకుతుంటే, ముట్టుకుంటే కాలుతుంటే, పసుపు పచ్చగానో ఆకుపచ్చగానో చిక్కని చీము, దుర్వాసన వస్తుంటే, చలిజ్వరం వస్తే, చంకలోనో గజ్జలోనో బిళ్ల కట్టి నొప్పి పెడితే, ఎర్రని చార టాటూ నుంచి పైకి పాకుతుంటే ఇక ఇంటి వైద్యం ఆపేయాలి. పెన్నుతో ఎరుపు అంచు చుట్టూ గీత గీసి, సమయం రాసిపెట్టండి. కొన్ని గంటల్లో గీత దాటిందంటే ఆలస్యం చేయకూడదు. దగ్గరలో చేయించుకునే ఒక సూదిమందుతో సరిపెట్టుకోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగానికో వెళ్లాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే ఆ సంగతీ చెప్పాలి.

కొన్ని కష్టాలు మానిపోయిందనుకున్నాక వస్తాయి. ఎరుపు రంగు ఉన్న చోట మాత్రమే వారాలకో నెలలకో ఉబ్బి దురద పెట్టడం ఆ రంగు ఒంటికి పడకపోవడం వల్ల, రంగులన్నిటిలో ఎరుపుతోనే ఇది ఎక్కువ. నీడలు నింపిన బూడిద రంగు భాగంలో రెండు మూడు వారాల తర్వాత గుండ్లలాంటి ఎర్రని పొక్కులు వస్తే మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియాను అనుమానించాలి. 2011 చివర్లో అమెరికాలోని రోచెస్టర్‌లో 19 మందికి ఇలాగే వచ్చింది. సిరాను తయారీలోనే పలుచన చేయడానికి వాడిన నీటిని అనుమానించారు. వాళ్ల ఇంటి జాగ్రత్తలో లోపమేమీ లేదు. గాయం హద్దు దాటి నున్నగా, గట్టిగా పెరిగే మచ్చ కీలాయిడ్. మన చర్మంలో అది ఎక్కువ, ఛాతీ, భుజం, చెవి తమ్మెల మీద మరీ ఎక్కువ. ఇంతకుముందు అలా పెరిగినవాళ్లు టాటూ జోలికి పోకపోవడమే మేలు. బొల్లి, సోరియాసిస్ ఉన్నవాళ్లకు సూది గీసిన గీత వెంబడే కొత్త మచ్చలు రావచ్చు.

కడగడంతో పోనిది

ఇప్పటిదాకా చెప్పిన జాగ్రత్తలన్నీ పైనుంచి లోపలికి పోయే క్రిముల గురించి. సూదితోనే లోపలికి వెళ్లినదాన్ని ఏ సబ్బూ తీయలేదు. జాతరలో చాపమీద కూర్చుని, ఒకే సూదిని గుడ్డతో తుడిచి తర్వాతి చేతికి, ఒకే మూతలోని సిరాను అందరికీ వాడేచోట కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి, సి, వాటితోపాటు హెచ్ఐవి సోకే వీలుంది. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా వారం దాకా బతుకుతుంది. మన దేశంలో పిల్లల టీకాల్లో హెపటైటిస్ బి టీకా 2011 నాటికి గాని అన్ని రాష్ట్రాలకూ చేరలేదు. ఇప్పుడు టాటూలు వేయించుకుంటున్న వయసువాళ్లలో చాలామందికి అది పడి ఉండకపోవచ్చు. టాటూకు ముందే మూడు మోతాదులు పూర్తి చేసుకోవడం అన్నింటికంటే మంచిది. హెపటైటిస్ సికి టీకా లేదు.

అలాంటి చోట ఇప్పటికే వేయించుకుని ఉంటే, సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే వైద్యుడికి చెప్పాలి. హెచ్ఐవి సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెడితేనే పనిచేస్తాయి, హెపటైటిస్ బి టీకా ఎంత త్వరగా వేయించుకుంటే అంత మేలు. ఆ గడువు దాటిపోయి ఉంటే మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. హెచ్ఐవి పరీక్ష కూడా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితమే, వివరాలు గోప్యంగా ఉంచుతారు.

ఎంత పెద్ద స్టూడియోలో వేయించుకున్నా మన దేశ నిబంధనల ప్రకారం ఏడాదిపాటు రక్తదానం చేయకూడదు. రక్తనిధి కేంద్రంలో అడిగే ప్రశ్నల్లో టాటూ కూడా ఉంటుంది, తేదీతో సహా నిజం చెప్పాలి. ఇంట్లో కాన్పో ఆపరేషనో ఉండి మీ రక్తంమీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఉంటే, మీ బదులు ఇంకొకరిని చూసుకోవాలని వాళ్లకు ఇప్పుడే చెప్పండి.